మగ్గానికీ ఓటుకీ ఉన్న లెక్క



ఎన్నికలు వస్తే మన వీధులకి అన్ని పార్టీల వాళ్ళూ వస్తారు. మగ్గం గుంటలో కూర్చుని ఫొటో దిగుతారు. ఒకరు ఉచిత కరెంటు అంటారు, ఒకరు నూలు మీద రాయితీ అంటారు, ఇంకొకరు మీరు నేసిందంతా సర్కారే కొంటుందంటారు. మనం కూడా ఎవరు ఎంత ఇస్తారని లెక్క వేసుకుంటాం. అందులో తప్పు లేదు. కానీ ఇచ్చినవాళ్ళకి నిజంగా ఓటు పడిందా, ఓటు వేసిన మనకి బతుకు బాగుపడిందా అని వెనక్కి తిరిగి చూసుకున్నది తక్కువ.

మనలాంటి, ఇంకా పైకి రావాల్సిన దేశాల్లో ప్రభుత్వం చేసే అభివృద్ధికీ జనం ఇచ్చే మద్దతుకీ సంబంధం ఏమిటని పెద్ద చదువుల వాళ్ళు లావుపాటి పుస్తకాలు రాశారు. మనకి అంత దూరం అక్కర్లేదు. తమిళనాడులో చేనేత నడిచిన దారి చూస్తే చాలు. సేలం, కోయంబత్తూరు, కాంచీపురం, అరుప్పుక్కోట్టై వైపు మన తెలుగు దేవాంగ, పద్మశాలి కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి కాబట్టి ఇది మన ఇంటి చరిత్ర కూడా. ఏ పార్టీనీ పొగడటానికో తిట్టడానికో ఇది రాయడం లేదు. మన సమాఖ్యలో అన్ని పార్టీల వాళ్ళూ ఉన్నారు.

ఓటు రాకముందు

మిల్లు గుడ్డ వచ్చాక చేనేత దెబ్బతిన్నదని అందరికీ తెలుసు. తెల్లవాళ్ళ కాలంలోనే ప్రభుత్వం కొంచెం కదిలింది. 1935లో మద్రాసు రాష్ట్రంలో చేనేత సహకార సంఘాలన్నిటికీ కలిపి ఒక పెద్ద సంఘం పెట్టారు. ఈరోజు మనం కో-ఆప్టెక్స్ అంటున్నది అదే. 1941లో పి.జె. థామస్ అనే ఆర్థికశాస్త్ర ప్రొఫెసర్ అధ్యక్షతన చేనేత, మిల్లుల పరిస్థితి తెలుసుకోవడానికి ఒక కమిటీ కూడా వేశారు.

అయితే అప్పుడు మన మాటకి బలం లేదు. 1935 చట్టం కింద ఆస్తి, పన్ను, చదువు లాంటి అర్హతలు ఉన్నవాళ్ళకే ఓటు. షావుకారు దగ్గర నూలు తెచ్చుకుని కూలికి నేసేవాడికి ఓటు ఎక్కడిది? ప్రభుత్వం దయ చూపితే ఉంది, లేకపోతే లేదు.

1952 మొదటి సాధారణ ఎన్నికలతో ఇది మారింది. 21 ఏళ్ళు నిండిన ప్రతి ఒక్కరికీ ఓటు. మగ్గం మీద కూర్చున్నవాడికీ, కండెలు చుట్టే ఇల్లాలికీ, ఇంటి పెద్దకీ ఒక్కొక్క ఓటు. చేనేత వీధి అంటే ఒకేచోట గుత్తిగా దొరికే ఓట్లు. ఇది పార్టీలకి వెంటనే అర్థమైంది.

పంచె కోసం పోరు

అప్పటికి చీరాల, మంగళగిరి, వెంకటగిరి కూడా మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. 1952 ఎన్నికల్లో మద్రాసులో కాంగ్రెసుకి మెజారిటీ రాలేదు. రాజాజీని పిలిచి ముఖ్యమంత్రిని చేశారు. అదే సమయంలో చేనేత గుడ్డ అమ్ముడుపోక సంఘాల గోడౌన్లలో మూలిగింది. మగ్గాలు ఆగిపోయాయి.

రాజాజీ కేంద్రాన్ని ఒకటే పట్టు పట్టారు. పంచెలు, చీరలు చేనేతకే వదిలిపెట్టండి, మిల్లులు నేయకూడదు అన్నారు. ఢిల్లీలో ఉన్నది తన పార్టీ ప్రభుత్వమే అయినా వెనక్కి తగ్గలేదు. కేంద్రం అడిగినంతా ఇవ్వలేదు గానీ కొంత ఇచ్చింది. మిల్లులు నేసే పంచెల్ని అంతకుముందు సగటులో 60 శాతానికి తగ్గించింది. 1952లోనే అఖిల భారత చేనేత బోర్డు ఏర్పాటైంది. 1953లో మిల్లు గుడ్డ మీద గజానికి 3 పైల (పైసలు కాదు, పాత కాలపు పై నాణెం) సుంకం వేసి ఆ డబ్బు ఖాదీకీ చేనేతకీ ఖర్చు పెట్టడానికి చట్టం తెచ్చింది. ఇప్పుడు మన సంఘాలకి తెలిసిన రిబేటు, షేర్ల అప్పు లాంటివి ఊపందుకున్నది ఆ నిధి వచ్చాకే.

ఎదటి పక్షం కూడా ఊరుకోలేదు. కాంచీపురంలో చేనేత కుటుంబంలో పుట్టిన అన్నాదురై 1953లో తిరుచ్చి వీధుల్లో చేనేత గుడ్డలు భుజాన వేసుకుని అమ్మారు. ఆయన పార్టీ నాయకులు మిగతా ఊళ్ళలో అమ్మారు. ఆ పార్టీ పుట్టి అప్పటికి నాలుగేళ్ళు కూడా నిండలేదు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. రెండు పక్కలా పోటీపడి మన గుడ్డ గురించి మాట్లాడారు. అధికారంలో ఉన్నవాళ్ళు చట్టంతో, లేనివాళ్ళు భుజం మీది మూటతో. మనకి ఓటు వచ్చిన ఏడాది రెండేళ్ళలోనే ఇది జరిగింది. ఒక్క పార్టీయే మనల్ని పట్టించుకుని ఉంటే ఇంత వచ్చేది కాదని మా అభిప్రాయం.

మేలు చేసినా మద్దతు ఎందుకు పోయింది

పంచె కోసం అంత పోరాడిన రాజాజీకి నేతవాళ్ళ వీధుల్లో ఎదురులేకుండా ఉండాలి కదా. అలా జరగలేదు. 1953లోనే ఆయన ప్రభుత్వం ప్రాథమిక బడుల్లో కొత్త పద్ధతి తెచ్చింది. పిల్లలు ఒక పూట బడికి వెళ్ళాలి, రెండో పూట ఇంట్లో తండ్రి చేసే పని నేర్చుకోవాలి. బడులు చాలక, డబ్బు చాలక ఇలా చేస్తున్నామన్నారు. జనం దాన్ని కుల విద్య అన్నారు. మంగలి కొడుకు మంగలే, నేతవాడి కొడుకు నేతే అవ్వాలా అని పెద్ద గొడవ లేచింది. 1954లో రాజాజీ దిగిపోయారు. తరువాత వచ్చిన కామరాజ్ ఆ పద్ధతి ఎత్తేశారు.

ఈ సంగతి మన పెద్దలు కొందరికి తెలుసు, పిల్లలకి తెలియదు. మగ్గం బతకాలని మనం కోరుకుంటాం. కానీ మన బిడ్డ మగ్గానికే కట్టుబడి ఉండాలని ఎవరైనా శాసిస్తే ఒప్పుకోం. చేతికి పని ఇవ్వడం వేరు, మనిషిని పనికి కట్టేయడం వేరు. గుడ్డ అమ్ముడుపోయేలా చేసిన ప్రభుత్వం మీద కూడా, బిడ్డ చదువు సగం అయిందన్న కోపం నిలిచింది. కడుపుకి మేలు చేస్తే మద్దతు వస్తుంది నిజమే, కానీ మర్యాద తగ్గిస్తే అది పోతుంది.

కామరాజ్ దీన్ని అర్థం చేసుకున్నారు. పల్లెల్లో బడులు పెట్టించారు. 1956లో మధ్యాహ్న భోజనం మొదలుపెట్టారు. పరిశ్రమలు, ఆనకట్టలు వచ్చాయి. ఈరోజు తమిళనాడులో మన పిల్లలు ఇంజినీర్లు, నర్సులు, బ్యాంకు ఉద్యోగులు అయ్యారంటే ఆ బడుల పుణ్యం అందులో ఉంది. మరి ఆయనకి ఏం దక్కింది? 1967 ఎన్నికల్లో సొంత ఊరు విరుదునగర్‌లో ఒక విద్యార్థి నాయకుడి చేతిలో ఓడిపోయారు. 1965 హిందీ వ్యతిరేక ఆందోళన ఒక కారణం. బియ్యం కరువు, ధర ఇంకో కారణం. రూపాయికి పడి బియ్యం అన్న మాట ఇంటింటికీ వెళ్ళింది. పదేళ్ళ కింద కట్టిన బడి కంటే ఈ వారం బియ్యం ధర పెద్దదైపోయింది.

అటువైపు కూడా అంతే. చేనేత గుడ్డలు భుజాన మోసిన అన్నాదురై 1957లో కాంచీపురంలో గెలిచారు. 1962లో అదే కాంచీపురంలో ఓడారు. చేనేత ఊరు, చేనేత ఇంట పుట్టిన మనిషి, అయినా ఓడారు. ఈ మధ్యే చూస్తే ఆంధ్రలో మంగళగిరి కూడా అంతే. 2019లో ఒక పార్టీని గెలిపించింది. ఆ పార్టీ ప్రభుత్వం సొంత మగ్గం ఉన్న కుటుంబానికి ఏడాదికి 24,000 రూపాయల చొప్పున ఐదుసార్లు ఇచ్చింది. 2024లో మంగళగిరి ఇంకో పార్టీని గెలిపించింది.

కాబట్టి డబ్బిస్తే నేతవాడి ఓటు పడుతుందనేది నాయకుల భ్రమ. ఓటు వేశాం కాబట్టి వాళ్ళు మనల్ని వదలరనేది మన భ్రమ.

పండగ చీర కథ

1983 సంవత్సరం మనకి ముఖ్యమైనది. ఆంధ్రలో ఎన్.టి.ఆర్ ప్రభుత్వం పేదలకి సగం ధరకి పంచె, చీర ఇచ్చింది. తమిళనాడులో ఎం.జి.ఆర్ ప్రభుత్వం పొంగల్ పండక్కి పేదలకి ఉచితంగా పంచె, చీర ఇచ్చే పథకం మొదలుపెట్టింది. చేనేతవాళ్ళకి ఏడాది పొడుగునా పని దొరకాలనేది దాని ఉద్దేశం. ఖర్చుపెట్టిన ఒకే రూపాయి రెండు పనులు చేసింది. లేనివాడికి పండగ బట్ట, నేసేవాడికి కూలి. ఇలాంటి తెలివైన పథకాలు తక్కువ.

ఆ తరువాత తమిళనాడులో ప్రభుత్వాలు ఎన్నోసార్లు మారాయి. ఒకళ్ళ పథకాలు ఇంకొకళ్ళు ఆపేయడం మామూలే. పంచె చీరని మాత్రం ఆపేయలేకపోయారు. నలభై ఏళ్ళు దాటినా నడుస్తోంది. పండక్కి రేషన్ షాపులో చీర అందడం జనం తమ హక్కు అనుకున్నారు. ఇచ్చినవాళ్ళ పేరు వెనక్కి పోయింది.

కానీ ఇందులో ఇంకో సంగతి ఉంది. ఇప్పుడు ఇచ్చే చీరలు కోటిన్నరకి పైనే, పంచెలూ దాదాపు అంతే. వాటిలో చాలా భాగం మరమగ్గాల మీద నేస్తున్నారు. ఎందుకో లెక్క వేసి చూద్దాం. మామూలు చీర రోజుకి ఒకటి నేస్తామనుకుందాం. కోటిన్నర చీరలు ఆరు నెలల్లో కావాలంటే 83 వేల మగ్గాలు ఒక్కరోజు కూడా ఆగకుండా ఆడాలి. మళ్ళీ పంచెలకి వేరే మగ్గాలు. ప్రభుత్వానికేమో పండగ తేదీ మారదు, ధర పెంచడానికి మనసు రాదు. మరమగ్గం తొందరగా, చవకగా ఇస్తుంది. ఆర్డర్ అటు పోయింది. చీర తీసుకునేవాళ్ళు కోటి మందికి పైన, నేసేవాళ్ళం కొన్ని వేలు. తీసుకునేవాళ్ళని కాదనే ధైర్యం ఏ ప్రభుత్వానికీ లేదు. నేసేవాళ్ళని మార్చడానికి అంత ధైర్యం అవసరం పడలేదు. అలా పథకం నిలిచింది, చేనేత మగ్గం అందులోంచి మెల్లగా జారిపోయింది.

మరమగ్గం మీద ఉన్నవాళ్ళూ మనవాళ్ళే. సోలాపూర్, భివండి, సిరిసిల్లలో పద్మశాలి కుటుంబాలు ఎక్కువ దానిమీదే బతుకుతున్నాయి. వాళ్ళకైనా ప్రభుత్వ ఆర్డర్ నిలకడగా ఉందా అంటే లేదు. సిరిసిల్లలో 2017 నుంచి బతుకమ్మ చీరలు ఏటా కోటి దాకా నేశారు. భివండి, సూరత్ వెళ్ళినవాళ్ళు కూడా కొందరు తిరిగొచ్చారు. 2023 చివర్లో ప్రభుత్వం మారింది. ఆ చీరల ఆర్డర్ ఆగింది. సాంచాలు ఆగిపోయాయి, అప్పులు పెరిగాయి, ఆత్మహత్యల వార్తలు వచ్చాయి. తరువాత కొత్త ప్రభుత్వం మహిళా సంఘాల చీరలని ఇంకో పేరుతో ఆర్డర్ ఇచ్చింది. కానీ ఆ మధ్య నెలలు ఎలా గడిచాయో ఆ కుటుంబాలనే అడగాలి. కొనేవాడు ఒక్కడే అయితే, ఆ ఒక్కడు ఎన్నికల్లో ఓడితే మన పొయ్యి ఆరుతుంది.

చప్పుడు లేకుండా పోయినవి

చేతికి వచ్చేది మనకి వెంటనే కనపడుతుంది. చేజారిపోయేది కనపడదు. ఇది ముఖ్యంగా కుర్రవాళ్ళు చదవాలని రాస్తున్నాం.

1985లో పార్లమెంటు చేనేత రిజర్వేషన్ చట్టం చేసింది. 22 రకాల బట్టలు చేనేతలోనే నేయాలంది. మరమగ్గం యజమానులు కోర్టుకి వెళ్ళారు. 1993లో సుప్రీంకోర్టు చట్టం సరైనదేనని తీర్పు చెప్పింది. మనం గెలిచామనుకున్నాం. 1996లో ఆ 22 రకాల్ని 11కి తగ్గించేశారు. మిగిలిన 11 రకాల మీద కూడా తనిఖీ ఎంత జరుగుతోందో బజారుకి వెళ్ళి ఏ పట్టు అంచు చీర చూసినా తెలుస్తుంది.

చిలప నూలు సంగతి అంతకన్నా ముఖ్యం. మనకి నూలు చిలపల్లో కావాలి. రంగు అద్దాలన్నా గంజి పెట్టాలన్నా చిలపే ఉండాలి. మిల్లుకి మాత్రం కోన్ల మీద చుట్టడమే సులువు. అందుకని మిల్లులు దేశంలో అమ్మే నూలులో ఇంత భాగం చిలపల్లోనే ఇవ్వాలని ప్రభుత్వం నిబంధన పెట్టింది. అది 50 శాతం ఉండేది. 2003లో 40 చేశారు. 2019లో 30 చేశారు. నూలు ఆగితే ఏమవుతుందో 1991లో చూశాం. ఆ ఏడాది నూలు ధర మండిపోయి ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో నేత ఇళ్ళలో ఆకలి చావులు జరిగాయి. చీరాల పెద్దాయన ప్రగడ కోటయ్య గారి లాంటివాళ్ళు జీవితమంతా నూలు గురించే ఎందుకు అరిచారో అప్పుడు అందరికీ తెలిసింది.

2017లో జీఎస్టీ వచ్చింది. నూలు మీదా చేనేత గుడ్డ మీదా పన్ను పడింది. 2020లో అఖిల భారత చేనేత బోర్డుని రద్దు చేశారు. 1952లో మన ఓటుకి విలువ వచ్చిన ఏడాదే పుట్టిన బోర్డు అది. అప్పట్లో పంచె కోసం ఒక ముఖ్యమంత్రి ఢిల్లీతో పోట్లాడాడు. ఈసారి బోర్డు పోతే నాలుగు రోజులు పేపర్లలో వచ్చి ఆగిపోయింది.

ఎందుకు ఇలా అయింది? కేంద్రం లెక్కల్లోనే జవాబు ఉంది. 1995-96 చేనేత గణనలో ఈ పని మీద ఉన్నవాళ్ళు 65 లక్షలు. 2009-10లో 43 లక్షలు. 2019-20లో 35 లక్షలు. మనం తగ్గినకొద్దీ మన ఓటు తగ్గింది. ఓటు తగ్గినకొద్దీ మనకోసం పెట్టిన నిబంధనలు ఒక్కొక్కటీ సడలాయి. అవి సడలినకొద్దీ ఇంకా మగ్గాలు దిగాయి. ఇది గుండ్రంగా తిరుగుతోంది.

అదే కాలంలో చిన్న చిన్న వరాలు మాత్రం పెరిగాయి. తమిళనాడులో చేనేతవాళ్ళకి రెండు నెలలకి ఉచిత కరెంటు 2016లో 200 యూనిట్లు, 2023లో 300 యూనిట్లు చేశారు. సంతోషమే, ఎండాకాలం ఫ్యాను తిరుగుతుంది, బల్బు వెలుగుతుంది. కానీ బల్బు కింద నేయడానికి నూలు, నేసినదానికి కొనేవాడు ఉండాలి కదా. వరం ఇస్తే ఫొటో వస్తుంది. నిబంధన అమలు చేస్తే మిల్లువాళ్ళకీ మరమగ్గం పెద్దలకీ కోపం వస్తుంది. నాయకుడు ఏది ఎంచుకుంటాడో చెప్పక్కర్లేదు.

ఇక మనం ఏం అడగాలి

రాష్ట్రం దాటి వచ్చి స్థిరపడ్డ మనకి ఇంకో కష్టం ఉంది. ఆంధ్ర, తెలంగాణ నాయకులకి మనం ఓటర్లం కాదు. ఇక్కడి నాయకులకి మనం ఒక వార్డులో కొన్ని వీధులం. బరంపురంలో పట్టు నేసేవాళ్ళమూ, ఇళకల్లు వైపు ఉన్నవాళ్ళమూ, సేలంలో ఉన్నవాళ్ళమూ వేరు వేరు రాష్ట్రాల్లో వేరు వేరు లెక్కల్లో చెదిరిపోయి ఉన్నాం. అయితే నూలు నిబంధన, రిజర్వేషన్ చట్టం, జీఎస్టీ ఇవన్నీ ఢిల్లీలో తేలేవే. వీటికి మన భాష, మన రాష్ట్రం అడ్డం రావు. తమిళ, కన్నడ, ఒడియా, మరాఠీ మాట్లాడే నేతవాళ్ళందరిదీ అదే కష్టం. వాళ్ళతో కలిసి అడిగితేనే సంఖ్య కనపడుతుంది. ఈ సమాఖ్య దానికి పనికి రావాలి.

ఓటడగడానికి వచ్చినవాళ్ళని మర్యాదగానే మూడు ప్రశ్నలు అడుగుదాం. చిలప నూలు మాకు కావలసిన నంబర్లో, కావలసిన నెలలో సంఘానికి చేరేలా చూస్తారా? ఆ 11 రకాల మీద మీ జిల్లాలో తనిఖీ ఎన్నిసార్లు జరిగిందో చెబుతారా? పండగ అమ్మకాల్లో మేము తగ్గించి అమ్మిన రిబేటు డబ్బు ఎన్ని రోజుల్లో సంఘానికి తిరిగిస్తారు? మూడోది చిన్నదిగా అనిపిస్తుంది గానీ కాదు. రిబేటు బాకీ పడితే సంఘం బ్యాంకు అప్పుకి వడ్డీ కడుతుంది, కూలి వారం వారం పడదు, సభ్యుడు షావుకారు దగ్గరికి వెళ్ళిపోతాడు. సంఘాలు ఖాళీ అయ్యేది ఇలాగే.

మన ఇంట్లో చేసుకోవాల్సిందీ ఉంది. 1935లో పుట్టిన సహకార సంస్థ ఎన్ని ప్రభుత్వాలు మారినా ఇంకా నిలబడి ఉంది. అందులో ఒక్క షేరు ఉన్నవాడికీ వంద షేర్లు ఉన్నవాడికీ ఒకటే ఓటు. అసెంబ్లీ ఎన్నికకి వరుసలో నిలబడే మనం సంఘం మహాసభకి ఎంతమందిమి వెళ్తున్నాం? లెక్కలు చదివేటప్పుడు ఎంతమందిమి కూర్చుని వింటున్నాం? మగ్గం ఎక్కే ఆడవాళ్ళ పేరు మీద సభ్యత్వం ఎన్ని ఇళ్ళలో ఉంది? సంఘం గట్టిగా ఉంటే ప్రభుత్వ ఆర్డర్ రాని ఏడాది కూడా నాలుగు నెలలు నెట్టుకురాగలం. సంఘం బలహీనమైతే వచ్చిన ఆర్డర్ కూడా సంఘం పేరు చెప్పి మరమగ్గం షెడ్డుకి పోతుంది.

పిల్లల చదువు మాత్రం దేనికీ తాకట్టు పెట్టవద్దు. 1953లో మన పెద్దలు దానికోసమే కోపగించుకున్నారు. చదువుకున్న బిడ్డ మగ్గం ఎక్కినా సరే, ఎక్కకపోయినా సరే, నూలు నిబంధన ఏమిటో, 11 రకాలు ఏవో చదివి చెప్పగలగాలి. వచ్చే ఏడాది సంచికలో ఈ 11 రకాల జాబితాని ఎవరైనా చదువుకున్న పిల్లలు తేలిక తెలుగులో రాసి ఇస్తే, దాన్ని ప్రతి సంఘం గోడ మీదా అంటించుకుందాం.